మోటారు స్విచ్ మీద ఎర్ర టేపు

జూన్ 3, 2024. సోమవారం

ఈ రోజు రాయకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. మా మల్లిక పేరు అచ్చులో పడబోతోంది! పెళ్ళికార్డు మీద కాదు, సైన్సు పేపర్లో! అదీ అందరికంటే ముందు!

సాయంత్రం లత అనే పేట నుంచి ఇంటికొచ్చింది. అక్కడే రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. తడిసిన గొడుగు మడవకుండా గుమ్మంలో నిలబడే చెప్పింది. నాన్నా, మేడమ్ ఒప్పేసుకుంది, నా పేరే ఫస్టు పెడతారంట అంది. అన్నం తిన్నావా అమ్మా అన్నాను. అది నవ్వి, అన్నం కాదు నాన్నా, పేపర్, పేపర్ అంది. వాళ్ళ అమ్మ సూర్యావతి వంటింట్లోంచి, ఏటా పేపరు, ఉల్లిపాయలు సుట్టుకొచ్చేదేనా అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఈ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఆ మేడమ్ ఆస్ట్రేలియాలో ప్రొఫెసరు. కరోనా రోజుల్లో కంప్యూటర్లో ఊరికే క్లాసులు చెప్పింది. మా పిల్ల అడిగిన ప్రశ్నలు నచ్చి పనిలో కలుపుకుంది. రెండేళ్ళయింది. పొద్దంతా ల్యాబ్, సాయంత్రమైతే ఈ పని. జీతం లేదు. పేరే జీతం.

ఈ డైరీ ఎవరో ఓడల కంపెనీ వాళ్ళు పంచిపెట్టింది, మూడేళ్ళ పాతది. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను. నా చదువు ఇక్కడి బర్మా బడిలో ఏడో తరగతి. తెలుగు అక్షరాలు గుడి వెనక రేకుల షెడ్డులో సాయంకాలం బడిలో దిద్దుకున్నవి. సూర్యావతికి చదువు రాదు. మల్లిక తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కాబట్టి ఇక్కడ ఏం రాసినా నాకూ దేవుడికీ తప్ప తెలియదు. అదొక ధైర్యం.

జూన్ 5, బుధవారం

ఆ పని ఏమిటో ఇవాళ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మూడు వంతులు అర్థం కాలేదు. అర్థమైన వంతే రాస్తాను.

ఆస్ట్రేలియాకి పడమటి పక్క సముద్రంలో రెండు దీవులున్నాయట. అక్కడొక జంతువు. చూస్తే ఎలుక, కానీ ఎలుక కాదు. కంగారూకి చుట్టం. కడుపు దగ్గర సంచి ఉంటుంది, పిల్లల్ని అందులో మోస్తుంది. దానికొక వైరస్ పట్టి, చర్మం మీద, నోటి దగ్గర, పాదాల మీద పులిపిర్లు లేస్తాయి. ముదిరితే కాన్సర్. ఆ వైరస్ అక్షరాలు చదవడమే మల్లిక పని. వైరస్‌కి కూడా అక్షరాలుంటాయట!

ఇంక అసలు సంగతి. ఆ జంతువు పేరు బాండికూట్. ఆ పేరు ఎక్కడిదో తెల్సా నాన్నా, మన పందికొక్కే అంది. దొరలు మన తాతల దేశంలో పందికొక్కుని చూసి, ఆ మాట పట్టుకుపోయి, అక్కడ దీన్ని చూసి ఇదీ అదే అనుకుని తగిలించేశారట. కుర్చీలోంచి లేచిపోయాను! ఏటికి అవతల తన్లిన్‌లో నూనె కంపెనీ పంపుహౌస్‌లో ముప్పై నాలుగేళ్ళు పని చేశాను. బెల్టులు కొరికి, గోనెసంచులు చింపి, మనిషిని చూసినా జరగని పందికొక్కులతో ముప్పై నాలుగేళ్ళు యుద్ధం చేశాను. వాటి పేరు సముద్రాలు దాటి, సైన్సులో చేరి, తిరిగి నా కూతురి బల్ల మీదికే వచ్చింది!

సూర్యావతికి ఏ సంబరమూ లేదు. పందికొక్కుకి పులిపిర్లు లేత్తే నా కూతురు కళ్ళు పోగొట్టుకోవాలేటి, లోకంలో మనుసులు అయిపోనారా అంది.

టీకొట్లో శంకరరావుతో చెప్పాను. చిన్నప్పటి స్నేహితుడు, ఓడల ఆఫీసులో గుమాస్తాగా చేశాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, నాలుక మీద ముల్లున్నవాడు. మీ తాత రేవులో మూటలు మోసేడు, నువ్వు పంపు తిప్పేవు, నీ కూతురు పందికొక్కుల్ని కాత్తంది, వంశం పైపైకే ఎల్తందిరా బుల్లియ్యా అన్నాడు. కోపం రాలేదు. వాడి టీకి నేనే ఇచ్చాను. ఇవాళ నాకెవరి మీదా కోపం రాదు.

జూన్ 8, శనివారం. సాయంత్రం 6

మిషన్ మొదలైంది.

మేడమ్ పంపిన ఫైళ్ళు ఎవరో ప్రయాణికుడి చేతిలో చిన్న డబ్బాలో వచ్చాయి. అక్కడ యూనివర్సిటీలో పెద్ద మిషన్ ఉందట. ఇదివరకు మల్లిక ఇక్కడ కూర్చునే దానిమీద పని చేసేది. పోయిన నెలాఖరు నుంచి ఇక్కడ బర్మాలో సర్కారు ఇంటర్నెట్‌లో ఆ దారి మూసేసింది. ఏ తలుపు తట్టినా తెరుచుకోవడం లేదు. అందుకని మా ముందుగదిలో పాత కంప్యూటర్ మీదే లెక్క కట్టాలి. ఆ వైరస్‌లో సగం అక్షరాలు ఒక కుటుంబానివిట, సగం మరో కుటుంబానివిట. ఆ రెండూ ఎప్పుడు కలిశాయి, ఎలా కలిశాయి, అదీ లెక్క.

తొమ్మిది రోజులు ఆగకుండా నడవాలి. ఈ నెల ఇరవయ్యో తారీఖుకి మేడమ్‌కి పంపాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటినుంచే. ఆగినచోట గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఒకటి ఉందట, అది పెడితే ఈ ముసలి మిషన్ ఇంకా నెమ్మదిస్తుందని తీసేసింది. అది మిషన్‌ని ముసలిది అంటే నాకెందుకో నవ్వొచ్చింది.

మా వీధికి కరెంటు నాలుగు గంటలు ఉంటుంది, ఎనిమిది గంటలు పోతుంది. ఈ వారమూ వచ్చే వారమూ పొద్దున తొమ్మిదికీ, రాత్రి తొమ్మిదికీ వస్తుంది. లేనప్పుడు బ్యాటరీ, ఇన్వర్టర్. ఎనిమిది గంటలయ్యేసరికి బ్యాటరీ అడుగంటిపోయి ఉంటుంది. కరెంటు రాగానే మొదటి గంట ఆకలిగొన్నదానిలా లాగుతుంది. ఆ గంటలో ఇంకేదీ వెయ్యకూడదు. రైస్ కుక్కర్ వద్దు, ఇస్త్రీ పెట్టె వద్దు, ముఖ్యంగా నీళ్ళ మోటారు వద్దు. మా ఇంటి పాత బ్రేకర్ రెంటినీ మొయ్యలేదు, పడిపోతుంది. ఇది మల్లిక నాకు మూడుసార్లు చెప్పింది. మోటారు స్విచ్ మీద ఎర్ర టేపు అంటించింది, గంటయ్యాకే ఒక కొస లేపి వెయ్యాలి. నాన్నా, పగలు ఇంట్లో ఉండేది నువ్వే, ఇది నీ డ్యూటీ అంది.

డ్యూటీ! పదకొండేళ్ళ తరవాత నాకు మళ్ళీ డ్యూటీ పడింది.

జూన్ 9, ఆదివారం

ఒక రోజు. బ్యాటరీ నిలబడింది.

జూన్ 10, సోమవారం

రెండు.

జూన్ 11, మంగళవారం

మూడు రోజులయ్యాయి. పొద్దున తొమ్మిదికి వీధంతా మీ లా బ్యీ అని పిల్లల కేక. కరెంటొచ్చిందని బర్మా మాటలో. ఆ కేక వినగానే నాలుగంతస్తుల నుంచీ జనం స్విచ్చుల మీదికి ఉరుకుతారు. అందరి మోటార్లూ కిందే, నీళ్ళ తొట్టి కిందే, అందరిదీ ఒకటే తొట్టి. ముందు వేసినవాడికి నీళ్ళు. గంట ఆగి వేసేసరికి మా మోటారు వట్టి గాలి లాగింది. గాలి లాగే మోటారు చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే ఆపేశాను.

జూన్ 12, బుధవారం

వాన. నాలుగో రోజు. మిషన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఫ్యాన్ తిరిగే చప్పుడు వింటూ ఉంటాను. తెర మీద అంకెలు పరిగెడుతుంటాయి. వాటిలో ఒక్కటీ నాకు తెలియదు. అయినా చూస్తాను. పసిపిల్ల నిద్రపోతుంటే చూడమా!

మల్లిక ఆ జంతువు ఫొటో చూపించింది. ముక్కు పొడుగు, చెవులు సన్నం. దాని సంచి మూతి వెనక్కి ఉంటుందట. ముందు కాళ్ళతో మట్టి తవ్వుతుంది కదా, ఆ మట్టి సంచిలో పిల్లల మీద పడకుండా దేవుడు వెనక్కి తెరిచాడు. ఆహా అనుకున్నాను. ఎంత ఆలోచించాడు!

పేరు ఎలా వేస్తారని అడిగాను. గుర్తింపు కార్డులో దాని బర్మా పేరు మ ఖిన్ తిడా. నాది ఊ తిన్ మౌంగ్, ఊ అంటే ఇక్కడ గారు అని. బడిలో, ఆస్పత్రిలో, ఆఫీసులో మా నాన్న కాలం నుంచీ ఇంతే. ఇంట్లో ఒక పేరు, కాగితం మీద ఒక పేరు. అది మామూలుగా అంది కదా, మైలపల్లి మల్లిక అని ఇచ్చాను నాన్నా అని. మా ఇంటిపేరు! భీమిలి నుంచి ఓడెక్కిన మా తాత తరవాత ఆ ఇంటిపేరు అచ్చులో పడటం ఇదే మొదలు. బాల్కనీలోకి వెళ్ళి కాసేపు వానని చూసి వచ్చాను. మగవాడు ఏడుస్తుంటే చూడటానికి బాగుండదు.

జూన్ 13, గురువారం

రెండు రోజులుగా ఇంట్లో బొట్టు నీళ్ళు లేవు. కింది ఇంటి బర్మా ఆవిడ డో న్యో దగ్గర అడిగి బకెట్లు మోస్తున్నాను. నాలుగంతస్తులు. మోకాళ్ళు ఏడుస్తున్నాయి. సూర్యావతి రోజంతా నా మీద పడింది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరికీ పంపు తిప్పినోడివి, ఇంటికి కుండెడు నీళ్ళు తేలేకపోతన్నావు అంది. మల్లిక తల స్నానం చేసి వారమైంది. రేపు శుక్రవారం. ల్యాబ్‌కి జుట్టు ముడేసుకుని వెళ్ళింది, ఒక్క మాట అనలేదు. అనకపోతేనే కదా నాకు బాధ.

మేడమ్ ఉత్తరం రాసిందట, నీ పని కోసం అందరం ఎదురు చూస్తున్నాం అని. అది చదివి వినిపిస్తుంటే దాని మొహం చూడాలి!

జూన్ 14, శుక్రవారం. ఉదయం 9.40

మోటారు వేశాను.

మధ్యాహ్నం 2

రాస్తాను. ఎక్కడో ఒకచోట చెప్పాలి.

తొమ్మిదికి కేక వినబడింది. సూర్యావతి సంచౌంగ్ బజారుకి వెళ్ళింది. మల్లిక ల్యాబ్‌లో. నేనొక్కణ్ణే. ఇన్వర్టర్ కీచుకీచుమంటోంది, బ్యాటరీ అడుగున ఉందని. కింద మోటార్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. చప్పుడుతోనే ఎవరిదేదో చెప్పగలను. నాలుగోది కూడా. తొట్టి ఖాళీ అవుతున్న చప్పుడు పైపులోంచి వినబడుతోంది. నాకే వినబడుతుంది అది, ఇంకెవరికీ వినబడదు. అయిదే అయిదు నిమిషాలు అనుకున్నాను. సాయంత్రం పిల్ల వచ్చేసరికి ఇంట్లో ట్యాంకు నిండి ఉంటే, ఆ తల తడుపుకుంటే, ఎంత సంతోషిస్తుంది! టేపు ఒక కొస లేపాను. తరవాత నేను వెయ్యలేదు. ముప్పై నాలుగేళ్ళ చెయ్యి వేసింది.

బ్రేకర్ పడింది. ఇన్వర్టర్ ఒక్కసారి పొడుగ్గా కూసి ఊరుకుంది. మిషన్ ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగింది. పంపుహౌస్‌లో ఎన్ని మోటార్లు ఆగడం విన్నానో! ఇలాంటి నిశ్శబ్దం వినలేదు.

నాలుగంతస్తులూ దిగి మీటర్ల పెట్టె దగ్గరకి పరిగెత్తాను. కాలు జారి మెట్ల మీద కూలబడ్డాను. డో న్యో చూసి, ఊ బుల్లియ్యా, ఏమయింది అని బయటికొచ్చింది. ఏమీ లేదన్నాను. బ్రేకర్ పైకి లేపాను. ఈసారి నిలబడింది. నిలబడగలిగినది ముందే నిలబడొచ్చు కదా! పైకొచ్చేసరికి మోటారు తిరుగుతోంది, నీళ్ళు ఎక్కుతున్నాయి. తెర మీద నల్లగా ఒక గీత మిణుకుమంటోంది. ఏ మీట నొక్కాలో తెలియదు. నొక్కితే ఇంకేం పోతుందో తెలియదు. చేతులు కట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డాను. మోటారు ఆపబుద్ధి కూడా పుట్టలేదు. ట్యాంకు నిండిపోయింది.

ఆరు రోజుల లెక్క. ఆ పిచ్చి జంతువుకున్న తెలివి నాకు లేకపోయింది. తవ్విన మట్టంతా పిల్ల మీదే పోశాను.

టేపు మళ్ళీ అంటించేశాను.

సాయంత్రం 7

అబద్ధం చెప్పాను.

మల్లిక ఆరింటికి వచ్చింది. గుమ్మంలోనే నా మొహం చూసి ఏటైంది నాన్నా అంది. కరెంటు అటూ ఇటూ ఊగి కొట్టేసిందమ్మా, నేనేటీ సెయ్యలేకపోనాను అన్నాను. సూర్యావతి కరెంటు ఆఫీసు వాళ్ళని ఏడు తరాలు తిట్టింది. ఆ తిట్లన్నీ నాకే కదా అనుకుంటూ తల వంచుకున్నాను.

మల్లిక తెర ముందు కూర్చుంది. అయిదు నిమిషాలు ఏమీ నొక్కలేదు. లేచి తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు. జుట్టు తుడుచుకుంటూ బయటికొచ్చి, నీళ్ళు నిండుగా ఉన్నాయి నాన్నా అంది. ఉన్నాయమ్మా అన్నాను.

తరవాత మిషన్ మళ్ళీ మొదలుపెట్టింది. ఇవాళ్టి నుంచి తొమ్మిది రోజులంటే ఇరవై మూడు. గడువు ఇరవై. మూడు రోజులు ఇమ్మని మేడమ్‌కి రాసింది. నాన్నా, మంచిదే ఆవిడ, ఇస్తాది అంది. నాకే ధైర్యం చెప్పింది, నాకు!

జూన్ 15, శనివారం

గడప గడపకీ తిరిగాను. ఎనిమిది ఇళ్ళు. చేతులు జోడించి అడిగాను. కరెంటు రాగానే మీరు నింపుకోండి, మా ఇంటికి మాత్రం తొట్టిలో కాస్త మిగల్చండి, మా అమ్మాయి తొమ్మిది రోజులు పరీక్ష రాస్తోంది అని. పరీక్ష అనక ఇంకేం అనను! వైరస్ అంటే తలుపులు వేసుకుంటారు.

డో న్యో నవ్వి, ఊ బుల్లియ్యా, తొమ్మిది రోజుల పరీక్ష రాసే పిల్లకి తొమ్మిది బకెట్లు నేనే ఇస్తాను పో అంది. రెండో అంతస్తు తాగుబోతు ఏకంగా తన మోటారే వాడుకోమన్నాడు, అది చెడిపోయి ఏడాదయింది. అందరూ ఒప్పుకున్నారు. ఎంత మంచివాళ్ళు! మెట్లెక్కుతుంటే సంతోషంతో మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.

ఈ పని మొన్నే చెయ్యొచ్చు కదా. అడగాలని మొన్న ఎందుకు తోచలేదు?

జూన్ 16, ఆదివారం

అంతా సవ్యం. మొదటి గంటలో టేపు ముట్టుకోలేదు.

జూన్ 17, సోమవారం

బ్యాటరీ బాగుంది. ఇన్వర్టర్ బాగుంది. నీళ్ళు ఉన్నాయి. మూడు రోజులుగా ఒక్క పొరపాటు లేదు. ఇంత బాగా నా జీవితంలో డ్యూటీ చెయ్యలేదు.

జూన్ 18, మంగళవారం

మేడమ్ జవాబు వచ్చింది. గడువు ఆవిడ చేతిలో లేదట, పత్రిక వాళ్ళదట. నువ్వేమీ కంగారు పడకు మల్లికా, మీ కష్టాలు మాకు తెలుసు, ఆ లెక్క ఇక్కడే మా స్టూడెంటు ఒకడు చేసేశాడు, పెద్ద మిషన్ మీద, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది అని రాసింది.

ఒక్క మధ్యాహ్నం!

మల్లిక బర్మా మాటలోకి తర్జుమా చేసి ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. రెండుసార్లూ ఒకేలా చెప్పింది. మంచిదే కదా నాన్నా, జవాబు తెలిసింది కదా, ఎవరు కడితే ఏటి అంది. మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. నాలుగో రోజు. మల్లిక దాని దగ్గరకి వెళ్ళి మీట నొక్కింది. ఫ్యాన్ ఆగింది. ఈసారి ఎవరూ ఆపలేదు, తనే ఆపింది.

మరి నీ పేరో అని అడిగాను. ఉంటాది నాన్నా, ఎక్కడో ఒకచోట ఉంటాది అంది.

ఉంటుందట! అదొక్కటే పట్టుకున్నాను.

జూన్ 19, బుధవారం

చెప్పాలి. ఇవాళ చెప్పలేదు.

జూన్ 26, బుధవారం

ఇవాళ కూడా.

జూలై 20, శనివారం

చెప్పడానికి కూర్చున్నాను. అమ్మా, ఆ రోజు అన్నాను. ఏ రోజు నాన్నా అంది. ఇలాంటి వాన పడ్డ రోజు అని ఇంకేదో చెప్పేశాను. తన్లిన్ వంతెన కట్టకముందు పడవలో డ్యూటీకి వెళ్ళిన కథ. వందసార్లు విన్న కథ. శ్రద్ధగా విన్నది.

ఆగస్టు 21, బుధవారం

వచ్చేసింది! అచ్చయింది! పేరుంది!

మల్లిక చూపించలేదు, నేనే పట్టుకున్నాను. ఫోనులో తెరిచి చూసుకుంటోంది. ఏటమ్మా అంటే పేపర్ వచ్చింది నాన్నా అంది, వంకాయ ధర చెప్పినట్టు! కాపీల కొట్టుకి తీసుకుపోయి మొత్తం ప్రింటు తీయించాను. ఇరవై రెండు పేజీలు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటాను నేను. కొట్లోనే నిలబడి వెతికాను. మొదట ఆరు పేర్లున్నాయి, అందులో లేదు. పేజీలు తిప్పుకుంటూ పోయాను. చివర, అన్నిటికంటే చివర, కనిపించింది. ఎమ్, ఏ, ఎల్, ఎల్. మల్లిక! మైలపల్లి మల్లిక! మ ఖిన్ తిడా కాదు!

చివర ఎందుకు వేశారో నాకు వెంటనే తెలిసిపోయింది. పెళ్ళికార్డులో పైన పిల్లల పేర్లు, కింద పిలిచే పెద్దల పేర్లు వెయ్యరూ! అసలు పని చేసినవాళ్ళని కింద, నిండుగా, విడిగా వేస్తారు. ఈ మర్యాద దొరలకి కూడా ఉందన్నమాట!

ఆ పేజీకి ప్లాస్టిక్ వేయించాను. సింహాద్రి అప్పన్న పటం కింద మేకు కొట్టి తగిలించాను. గుడిలో పులిహోర పంచాను. డో న్యోకి బాల్కనీలోంచి వేలాడే తాడు గంట కొట్టి, పులిహోర బుట్టలో పెట్టి కిందికి దింపాను. ఆవిడ బుట్టలో మల్లెలు పెట్టి పంపింది. మల్లిక, ఇదంతా ఎందుకు నాన్నా అంది. సిగ్గు దానికి. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంక చెప్పక్కర్లేదు అనిపించింది. పేరు ఎలాగూ వచ్చింది కదా. రెండు నెలల తరవాత ఇవాళ అన్నం రుచిగా ఉంది.

ఆగస్టు 23, శుక్రవారం

శంకరరావు ఇంటికి వచ్చాడు. పటం కింద పేజీ చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. అక్కడే నాకు భయం వేసింది.

టీకొట్టు దాకా రమ్మన్నాడు. కూర్చున్నాక మెల్లిగా చెప్పాడు. బుల్లియ్యా, రాసినోళ్ళ పేర్లు పైనే ఉంటాయిరా. ఇది సాయం సేసినోళ్ళకి దండం పెట్టే చోటు. గది ఇచ్చినోడికి, పడవ నడిపినోడికి, అందరికీ పెడతారు. మీ పిల్ల పేరు పడవోడి తరవాత ఉంది అన్నాడు. మళ్ళీ వాడే, నేను తప్పు సదివేనేమో, నా ఇంగ్లీసు పాతది అన్నాడు. వాడు తన ఇంగ్లీషు పాతదని ఒప్పుకోవడం అరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

టీకి వాడే ఇచ్చాడు.

పైన మొదటి పేరు ఎవరిదని అడిగితే ఎవరో మగవాడి పేరు చదివాడు. ఒక్క మధ్యాహ్నం వాడిదే అయ్యుంటుంది. వాణ్ణి ఏమని తిట్టను? వాడికి కరెంటుంది.

ఇంటికొచ్చి పేజీ తియ్యబోయాను. సూర్యావతి, గోడకి మేకు దిగ్గొట్టి రెండ్రోజులు కాలేదు, అప్పుడే మనసు మారిపోనాదా అంది. మల్లిక వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. ఉండనీ నాన్నా, మన ఇంటిపేరు పడ్డాది కదా, అది నిజమే కదా అంది.

అంతా తెలిసే పులిహోర తిన్నదన్నమాట. గుడిలో అందరూ పొగుడుతుంటే తెలిసే తల ఊపిందన్నమాట. నా కోసం.

నిలబడ్డాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఉల్లిపాయల ఘాటు కళ్ళకి తగిలింది. ముగ్గురమూ కళ్ళు తుడుచుకున్నాం. ఎవరివి ఎందుకో ఎవరూ అడగలేదు.

ఆగస్టు 27, మంగళవారం

మిషన్‌లో ఏమీ నడవడం లేదు. దాని మీద గుడ్డ కప్పింది. అయినా కరెంటు రాగానే గంట వరకూ మోటారు ముట్టుకోవడం లేదు నేను. గంట అయ్యాక కూడా ముట్టుకోవడం లేదు. సూర్యావతి వేసుకుంటోంది, లేకపోతే బకెట్లు మోస్తున్నాను. ఎవరైనా అడిగితే వ్యాయామం అంటున్నాను.

సెప్టెంబర్ 1, ఆదివారం. ఉదయం 9.30

కరెంటు వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మల్లిక వచ్చి స్విచ్ మీద ఎర్ర టేపు ఊడదీసింది. వేలికి చుట్టుకుంటూ, జూన్ నెల నుంచీ సూత్తన్నాను నాన్నా, వంకరగా అంటించేవు అంది.

మోటారు నువ్వెయ్యి అంది.